నాన్న పట్టి చూసిన గుడ్డ

ఆ… హలో, నేనే నాన్నా, హేమని. చెప్పినవన్నీ అయ్యాయా? బీపీ మాత్ర? ఇడ్లీ? ఎక్స్‌రే కవరు ఇచ్చావా? సంతకం పెట్టిన కాగితం ఫెబాకి… అదే, కౌంటర్ దగ్గర కూర్చుంటుందే, ఆ అమ్మాయికి?

సరే. ఇప్పుడెక్కడున్నావు?

కుర్చీలోనా… ఏ కుర్చీలో?

మరి ఆ అరుపేంటి? "చీరాల, చీరాల" అంటున్నారు. పళ్ళ డాక్టర్ దగ్గర బస్సెక్కిస్తున్నారా?

టీవీ కాదు నాన్నా. దర్శి సచివాలయంలో కూర్చున్నా గుంటూరు బస్టాండు గోల నాకు తెలియదా? మూడేళ్ళు డిగ్రీకి అక్కణ్ణుంచేగా తిరిగింది.

ఫెబా ఇప్పుడే ఫోన్ చేసింది. డాక్టర్ గౌస్ బాషా గారు చేతులు కడుక్కొని వచ్చేసరికి కుర్చీలో నువ్వు లేవట. ట్రేలో నీ చిగుళ్ళకి పెట్టాల్సిన ప్యాకెట్టూ లేదట.

… నువ్వు తీశావని వాళ్ళు అనలేదు. లేదన్నారు, అంతే. నేనే అడుగుతున్నా.

భయమేసిందా? … కాదా. సూదికా? … అదీ కాదు. మరి ఎవరికీ చెప్పకుండా ఎందుకు లేచొచ్చావు?

జేబులో ఏముంది?

రుమాలు సరే. రుమాల్లో?

…

ప్యాకెట్టు చింపావా! ఎందుకు నాన్నా?

— అన్నాను. గుడ్డ అని నేనే అన్నాను. ఇటుక పొడితో తోమీ తోమీ చిగుళ్ళు జారిపోయాయి, పళ్ళ మొదళ్ళు బయటపడ్డాయి, అక్కడ గుడ్డలాంటిది పెట్టి కుడతారని చెప్పాను.

… అయితే వేళ్ళ మధ్య నలిపి చూశావా. పోగు పట్టి చూడందే మగ్గానికి ఎక్కించవు, నోట్లో పెట్టేది చూడొద్దా అంటావు. నలభై ఏళ్ళ అలవాటు, ఏమననూ!

పడుగూ లేదు, పేకా లేదు… ఊఁ… తోలులా ఉందా?

…

వింటున్నా.

తోలే నాన్నా. చర్మం.

మేకది కాదు. పందిదీ కాదు. … మనిషిది.

నాన్నా? ఫోన్ పెట్టెయ్యకు, విను.

చనిపోయిన మనిషిది. నా తర్వాత ఎవరికైనా పనికిరానీయండని ఇచ్చిపోయినవాళ్ళది. కణాలన్నీ కడిగేసి ఉత్త అల్లిక మిగులుస్తారట. … అవును, ఉంది అల్లిక. మన కంటికి ఆనదు. దాని మీదికి నీ చిగుళ్ళు మెల్లగా పెరుగుతాయి.

తెలుసు. కాగితంలో ఇంగ్లీషులో రాసుంది, చదివాను. చెప్తే సంతకం పెట్టవని గుడ్డన్నాను. మనింట్లో ఇంగ్లీషు చదివేది నేనొక్కదాన్నే, నేను ఏం చెప్తే అదే రాసుందనుకుంటావు. అదే నా తప్పు.

తిట్టు నాన్నా, తిట్టు.

ఎవరిదా? తెలీదు. డాక్టర్ గారికీ తెలీదు. పేరు రాయరు, ఊరు రాయరు. … లేదు నాన్నా, కులమూ రాయరు!

ఇక పనికిరాదు. చెయ్యి తగిలింది కదా. … వద్దొద్దు, చెత్తడబ్బాలో వెయ్యకు. అలాగే రుమాల్లో ఉంచి ఫెబా చేతికివ్వు. వాళ్ళకో పద్ధతి ఉంటుంది.

తిడతారా? తిట్టరు. నేను మాట్లాడాను. పన్నెండింటిదాకా చూస్తామన్నారు. కింద ముందుపళ్ళు రెండున్నాయే, అక్కడ చిగురు ఇంకా జారితే అవి నిలవవట. వాటికి ఇవాళ నీ అంగిలిలోంచే కాస్త చర్మం తీసి అతుకుతారట. … గాయాలు రెండవుతాయి. నొప్పి ఎక్కువే. ఈసారి దాచను.

మిగతా నాలుగు పళ్ళకి ఏం పెట్టాలో తర్వాత నువ్వే చెప్పు. కాగితం మొత్తం చదివి వినిపిస్తా, ఒక్క మాట వదలను.

వెళ్తావా?

… నిజంగానేనా? ఆ బస్సువాడి గొంతు దూరమయ్యేదాకా నేను పెట్టెయ్యను. నడువు.

ఆఁ… ఇంకా నడువు.

ఏంటి? ఆ చనిపోయిన మనిషి ఇంట్లోవాళ్ళకా? … తెలీదు నాన్నా. ఆ మనిషి ఇచ్చింది ఇలా పాడైందని ఎవరికీ తెలీదు. ఇప్పటికి నీకూ నాకూ తప్ప.

అందుకే ఒక్క మాట. లోపల నోరు తెరిచి కూర్చున్నప్పుడు ఆ మనిషిని తలుచుకో. పేరు అక్కర్లేదు. … నేనూ ఇక్కడ తలుచుకుంటా.

ఆటో దొరికిందా? … ఆ. రుమాలు జాగ్రత్త.