మనోయ్ కారియో గారి ‘తబి’

1966 జూన్ ఆరున శ్రీ మకారియో దిమాకులంగన్ గారు బతంగాస్ నుంచి మా బికోల్ ప్రాంతానికి విచ్చేసి, రేవు దగ్గరి విద్యుత్కేంద్రంలో సహాయ ఇంజనీరుగా చేరారు. అనతికాలంలోనే మా అందరికీ ‘మనోయ్ కారియో’, అంటే కారియో అన్నయ్య అయ్యారు. అప్పట్లో బాయిలర్లు బొగ్గు తినేవి. ఆరేసిన బట్టలకు మసి పట్టిందని వీధి ఆడవాళ్లు మమ్మల్ని తిట్టిపోసేవారు. తరువాత చమురు వచ్చింది. మసి తగ్గింది గానీ తిట్లు తగ్గలేదు. చమురు ధర ఆకాశాన్నంటాక మా సంస్థ కొండ మీది వేడి నేలను తవ్వించింది. నిప్పు రాజేయకుండానే, భూగర్భంలో ఎవరో అన్నం వండుతున్నట్టు, ఆవిరి తెల్లగా లేచి మబ్బుల్లో కలిసిపోయేది. ఆ రోజుల్లో మేమంతా కలలో నడిచినట్టే తిరిగేవాళ్లం.

ఆ నూతన కేంద్రానికి కారియో గారే అధిపతి కావాలని అందరి ఆకాంక్ష. ప్రారంభోత్సవం నాడు, అతిథుల సమక్షంలో, ప్రధాన కవాటం తిప్పవలసింది ఆయనే. తిప్పగానే లోపల చేరిన సలసల కాగే నీరు పక్క గొట్టం గుండా బయటికి చిమ్ముతుంది. సరిగ్గా దాని మూతి ఎదుట నేను నిలబడి ఉన్నాను.

“తబి!” అని అరిచారాయన.

ఆయన తగలోగ్ భాషలో ఆ మాటకు ‘పక్కకు తప్పుకో’ అని అర్థం. మా బికోల్‌లో అది ‘అండీ’ వంటి మర్యాద మాట. నేలలో ఉండే కనిపించని పెద్దల అనుమతి కోరేటప్పుడూ అదే అంటాం. ఆయన మా ఆచారం పాటిస్తున్నారని మురిసిపోయి, టోపీ తీసి, కళ్లు మూసుకుని తల వంచాను.

“అతిథులు ఎండలో మాడిపోతున్నారయ్యా, తిప్పు!” అని మేనేజరు గారు గద్దించారు.

“మనిషున్నాడు సార్.”

“ఇప్పుడు తిప్పకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది!”

కారియో గారు కవాటం వదిలేసి, వచ్చి నా చెవి పట్టుకుని లాగారు. “ఒరేయ్ ఇలారియో, దయ్యాల్ని కాదురా, నిన్నే తప్పుకోమంది!”

“మాకు తబి అంటే ‘అండీ’ కదా మనోయ్!”

“అయితే తప్పుకోండి అండీ!”

కుర్చీ ఇంకొకరికే వెళ్లింది. ఈ నెల పదవీ విరమణ దాకా ఆయన అదే కొండ మీద రెండో స్థానంలోనే, ముఖాన నవ్వు చెదరకుండా పనిచేశారు. అడిగితే, “కుర్చీదేముందిరా, ఎక్కడ కూర్చున్నా ఆవిరి కనిపిస్తుంది” అనేవారు.

ఆ ప్రారంభోత్సవం జరిగిన మరుసటి ఏడు నాకు కూతురు పుట్టింది. వీడ్కోలు సభలో ఆయన మెడలో సంపగీత మల్లెపూల దండ వేయబోయేది ఆమే. శ్రీమతి పురిటా గారితో కూడి ఆయన ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, కుర్చీ వదులుకుని ఆయన నాకు మిగిల్చిన ఈ ప్రాణంతో ప్రార్థిస్తున్నాను.