రూతమ్మ నుదుటి బండారు

రూతమ్మకి అన్యాయం జరిగింది కరువు ఏడాది, ఆగస్టు నెలలో, ఒక ఆదివారం నాడు, గుళ్ళో, దీవెన ప్రార్థనకి ముందు. చేసినోళ్ళు దొంగలూ కాదు, దొరలూ కాదు. మనమే. మిరపకాయలకి తొడిమలు తీస్తా వినండి, చేతులు ఆపొద్దు, మేస్త్రి చూశాడంటే కూలి కోస్తాడు. రూతమ్మంటే ఎవరనుకున్నారు, చెప్పులు కుట్టే బర్నబా పెళ్ళాం, మా వీధిలో నాలుగో ఇల్లు. పొట్టిది, నల్లది, మాట తక్కువ. నేనప్పటికి కొత్తకోడల్ని, పదహారేళ్ళదాన్ని. ఒకనాడు మా అత్త నోటికి జడిసి బావికాడ కూసోని ఏడుస్తా ఉంటే ఈమె వచ్చిందనుకో, ఎందుకేడుస్తున్నావని అడగలా, నీకోసం ప్రార్థన చేస్తానమ్మా అననూ లేదు. తన కడవ నెత్తిన పెట్టుకుంది, నా కడవ చంకన పెట్టుకుంది, మా ఇంటి గడప కాడ దించి పోయింది. అట్టాంటి మనిషి. మీకు తెలిసిన ప్రార్థనపరులెవరైనా ఒకరి కడవ మోశారేమో గుర్తు తెచ్చుకోండి, నేను ఆగుతా.

సరే. మన సంఘంలో ఆడోళ్ళకి ఒక ఆచారం ఉంది గదా. ఎసరు కాగి గింజలు పొయ్యబోయే ముందర ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వెయ్యాల. అది దేవుడి పిడికెడు. ఆదివారం నాడు కొంగున కట్టకపోయి గుళ్ళో చాప మీద పొయ్యాల. పేరుకి పిడికెడు బియ్యమంటాం గానీ మనకి బియ్యం యాడివి అప్పట్లో, పండక్కి తప్ప? జొన్నలే. ఆ పోసిన దాంట్లో ఆరాధన చేయించే అయ్యగారి ఇంటికి కొంత, లేనోళ్ళకి కొంత అని చెప్పేవోళ్ళు. ఆ లేనోళ్ళెవరో ఎవరూ చూసొచ్చింది లేదనుకో. ఏమైందంటే, ఆ కరువు ఏడాది రూతమ్మ ఒక ఆదివారం ఉత్త కొంగుతో వచ్చింది. సర్లే కరువు గదా అనుకున్నారు. రెండో ఆదివారమూ ఉత్త కొంగే. మూడోదీ అంతే. సంఘపెద్ద ఇస్సాకు ఉండేవాడు, ఆయన పెళ్ళాం సలోమమ్మ చాప పక్కనే కూసునేది, ఎవురెంత పోశారో కళ్ళతోనే కొలిచేది. ఆమె అందరూ వినేటట్టు అడిగింది, "ఏం రూతమ్మా, దేవుడు నీకిచ్చే పిడికిలి మూశాడా, నువ్వు దేవుడికిచ్చే పిడికిలి మూశావా?" అని. రూతమ్మ చాపకి దండం పెట్టి పోయి గోడవార కూసుందంట. అంట అని ఎందుకంటన్నా, నేను చూశాను గదా. పక్కనే కూసున్నా. కిసుక్కున నవ్వా కూడా.

ఇంతకీ ఆ గింజలు యాడికి పోతున్నాయి? గూడెం చివర, వాగు దారిలో, మాతంగి సుంకమ్మ గుడిసె ఉండేది. మాతంగి అంటే మీకేం తెలుసులే. మనోళ్ళు ఏసయ్యని నమ్ముకోకముందు అమ్మవారి పేరు మీద ఒక పిల్లని విడిచిపెట్టేవోళ్ళు, పెళ్ళి లేదు, పెటాకులు లేవు. అమ్మవారికి చేసే కొలుపుల నాడు డప్పులు మోగతా ఉంటే ఆమె చిందేసేది, ఊళ్ళో పెద్ద కులాలోళ్ళని పేరుపెట్టి తిట్టేది, మొహాన ఉమ్మేది. ఆ ఒక్కరోజు వాళ్ళు పడేవోళ్ళు. మిగతా రోజులు మనం పడేవోళ్ళం. కొలుపులకి వచ్చిన గింజలే ఆమెకి ఏడాది తిండి. అట్టాంటిది గూడెం గూడెమంతా బాప్తీస్మం పుచ్చుకుంది. డప్పులు కాలబెట్టారు. కొలుపులు ఆగిపోయినయ్యి. మనకి మోక్షం వచ్చింది, ఆమెకి కూడు పోయింది. ఈ రెండూ ఒకే రోజు జరిగినయ్యి, కానీ మనం ఒకదానికే పండగ చేసుకుంటాం. సుంకమ్మ ముసల్దైపోయింది, కాలికి పుండు లేచింది, పాకతా తిరిగేది. సంఘంలో తీర్మానం చేశారు, ఆ గుడిసెకి ఎవరూ పోగూడదు, పోతే వెలి అని.

ఇస్సాకుని ఉత్త దుర్మార్గుడనుకోవాకండి. కొలుపులకి డప్పు కొట్టం, చచ్చిన గొడ్డుని లాగం అని చెప్పినందుకు ఊళ్ళోవోళ్ళు ఆయన్ని చెట్టుకి కట్టి కొట్టారు. వీపు మీద వాతలు చచ్చిందాకా ఉన్నాయి. అమ్మవారి పసుపు చూస్తే ఆయనకి ఆ చెట్టే గుర్తొచ్చేది. అది తప్పని నేనెట్టా అంటా?

రూతమ్మ అక్కడికి మొదటిసారి పోయినప్పుడు ఏం జరిగిందో ఆమే తర్వాత నాకు చెప్పింది. సుంకమ్మ వాకిట్లో కూసోని ఈగలు తోలుకుంటా ఉందంట. ఈమెని చూసి, "ఏమే, కొంగున ఏం కట్టకొచ్చావు, దేవుణ్ణా, గింజలనా?" అందంట. "గింజలే పెద్దమ్మా." "అయితే రా. దేవుడైతే బయట పెట్టిపో, నా ఇంట్లో ఇప్పటికే ఒకామె ఉంది, ఇరుకు." అట్టా మొదలైంది. రోజూ పొద్దున్నే గడ్డి కోతకి పోతా పోతా ఆ పిడికెడుతో గంజి కాచి పోసేది. వేపాకు నీళ్ళతో పుండు కడిగేది, గుడ్డ చుట్టేది. బైబిలు వాక్యం చెప్పలా. చెప్పమని ఎవరైనా అడిగితే గదా. ఆ ముసల్దే ఒకనాడు అడిగిందంట, "నా దగ్గరికొస్తే మీ ఏసయ్య ఊరుకుంటాడా?" అని. "ఆయన కుష్టోళ్ళనే ముట్టుకున్నాడు పెద్దమ్మా, ఈ పుండెంత," అందంట ఈమె. "మరి మీవోళ్ళు?" అంది ముసల్ది. రూతమ్మ గుడ్డ ముడి బిగించి లేచింది.

ఇప్పుడు బండారు సంగతి. మాతంగి ఎవరి చేతి కూడూ ఊరికే తినదు. తిన్నాక నడుముకి కట్టుకున్న సంచిలోంచి బండారు, అదే పసుపు, చిటికెడు తీసి, పెట్టినోళ్ళ నుదుట పూస్తుంది. అది ఆమె దీవెన. ఇన్నాళ్ళూ సంచి ఖాళీ. ఆ శనివారం నాడు యాడ దొరికిందో కొంచెం పసుపు దొరికింది. గంజి తాగి, మూతి తుడుచుకొని, "ఇటు రావే" అని పిలిచి రూతమ్మ నుదుటి మీద ఈ చివర నించి ఆ చివరకి పూసిందంట. "మరి తుడుచుకోవచ్చు గదా" అని మీరంటారు. నేనూ అన్నా. రూతమ్మ ఏమందో తెలుసా, "ఆమె వాకిట్లో కూసోని నేను మలుపు తిరిగిందాకా చూస్తా ఉంటది. ఆమె కళ్ళ ముందర ఎట్టా తుడుచుకునేది? మలుపు తిరిగాక తుడుచుకుందామనుకున్నా" అంది. ఆ మలుపులో ఏముంది? మంచినీళ్ళ బావి. బావికాడ ఎవరున్నారు? సలోమమ్మ. ఇంక చెప్పాల్నా. పొద్దుగూకే లోపల గూడెమంతా తెలిసిపోయింది, రూతమ్మ అమ్మవారికి తిరిగిపోయింది, దేవుడి పిడికెడు తీసకపోయి దయ్యానికి నైవేద్యం పెడతంది, మొక్కి బొట్టు పెట్టించుకుంది అని.

తెల్లారి ఆదివారం. ఆరాధన అయ్యాక ఇస్సాకు లేచి నిలబడ్డాడు. అయ్యగారు బల్ల కాడ పుస్తకం తెరుచుకొని కూసున్నాడు. అయ్యగారు మంచోడే. మంచోడు అట్టాంటప్పుడు ఏం చేస్తాడు, జరిగింది రాసుకుంటాడు. ఇస్సాకు కేకలెయ్యలేదు, మెల్లంగానే అడిగాడు. "తప్పయిందని ఒక్క మాట అనమ్మా, సంఘం క్షమిస్తుంది." రూతమ్మ లేచింది. "దేనికి తప్పయిందనమంటావు మామా? గంజి పోసినందుకా?" "మొక్కినందుకు." "మొక్కలేదు." "మరి నిన్న నుదుటి మీద ఆ పసుపేంది?" రూతమ్మ చెప్పింది. "నా కాడ ఉన్నది నేను పెట్టాను. ఆమె కాడ ఉన్నది ఆమె పెట్టింది. ఆమెకి అంతకంటే ఏముంది మామా?" ఆ మాట తర్వాత ఎవరైనా కూసోబెట్టి ఉంటే సరిపోయేది. కానీ సలోమమ్మ గోడవార నించి, "దయ్యం మాటలు ఇట్టనే తియ్యంగా ఉంటాయి" అంది. ఇస్సాకు కళ్ళు మూసుకొని, "వెలికి ఒప్పుకున్నోళ్ళు చేతులెత్తండి" అన్నాడు.

మగోళ్ళ వైపు లేచినయ్యి. ఆడోళ్ళ వైపు లేచినయ్యి. మా అత్త నన్ను మోచేత్తో పొడిచింది. నేనూ ఎత్తా. ఈ చెయ్యే, ఇప్పుడు మీ ముందర తొడిమలు తీస్తన్న చెయ్యి. పొడిచింది కాబట్టి ఎత్తానని ఇన్నేళ్ళూ చెప్పుకున్నా, పొడవకపోయినా ఎత్తేదాన్నేమో. ఆఖర్న బర్నబా ఒక్కడు మిగిలాడు. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయనది కూడా లేచింది, మోచెయ్యి దాకా. రూతమ్మ అది చూసింది. చూసి, కొంగు నెత్తి మీదికి లాక్కొని బయటికి పోయింది. యాడికి పోయిందనుకున్నారు, ఇంటికి కాదు. గుడి మెట్ల మీద కూసుంది. దీవెన ప్రార్థన అయిందాకా తలొంచుకొని అక్కడే ఉండి, ఆమేనని అందరితో పాటు అని, అప్పుడు లేచింది.

ఈ సంగతి సుంకమ్మ చెవిన ఎవరేశారో తెలియదు, రూతమ్మ మాత్రం కాదు. ఆ మరుసటి ఆదివారం పాట మొదలెట్టామో లేదో, బయట నించి ఎవరో, "మాతంగి వస్తంది" అన్నారు. కిటికీలోంచి చూస్తే, రెండు చేతులూ నేలకానించి, పుండు కాలు ఈడ్చుకుంటా, దుమ్ములో పాకతా వస్తంది. మాతంగి నోరు తెరిస్తే తిట్టుద్ది, ఉమ్ముద్ది, ఉమ్మితే వంశం నిలవదని చిన్నప్పటి నించి విన్నోళ్ళం. బాప్తీస్మం తీసుకుంటే భయం పోద్దా? మగోళ్ళు లేచి తలుపు మూసి గడియ పెట్టారు. పాట గట్టిగా ఎత్తారు, ఆమె మాట లోపలికి రాకండా. ఏం పాటో చెప్పను, పాటది తప్పు కాదు. నేను కిటికీ పక్కనే ఉన్నా గాబట్టి విన్నా. ఆమె ఉమ్మలా. తిట్టలా. ఆ ఆదివారమూ మెట్ల మీదే కూసున్న రూతమ్మ పక్కన చేరగిలబడి, మూసిన తలుపుతో మాట్టాడింది. "ఇస్సాకూ, ఇది మొక్కలేదురా. మొక్కవే అని నేనే అడిగా ఒకసారి, నవ్వి గంజి పట్టు పెద్దమ్మా అంది. బండారు పూసింది నా చెయ్యి. వెలెయ్యాలంటే నా చేతిని వెయ్యండి, ఎట్టాగూ బయటే ఉంది గదా." తలుపు తెరవలా. అప్పుడు ఏం చేసిందంటే, నడుముకున్న సంచి విప్పి గడప మీద పెట్టింది. "ఇంక ఎవరికీ పూయను. అమ్మకి నేను చెప్పుకుంటాలే," అంది. డెబ్భై ఏళ్ళు మోసిన సంచి. ఆమె అంత ఇచ్చింది మరి. మనం ఒక గడియ తియ్యలేకపోయాం.

రూతమ్మ ఆమెని వీపు మీద ఎక్కించుకొని తీసకపోయింది. గురువారం నాడు సుంకమ్మ పోయింది. మొయ్యడానికి ఎవరూ రాలేదు. బర్నబా వచ్చాడు, గొయ్యి తవ్వాడు వాగొడ్డున, ఆలుమగలిద్దరే దించారు. ఇప్పుడొచ్చే అయ్యగార్లు ఈ కథ చెప్పేటప్పుడు, ఆఖర్న మాతంగి ఏసయ్యా అని పిలిచి ప్రాణం విడిచిందని చెప్తారు, జనం కళ్ళు తుడుచుకుంటారు. అబద్ధం. నేనడిగా రూతమ్మని, ఆఖరి మాట ఏమందక్కా అని. "గంజిలో ఉప్పు తక్కువైందంది" అని చెప్పింది. ఆ మాట చెప్పి అప్పుడు ఏడిచింది, వెలేసిన నాడు ఏడవనిది.

అట్టా పంతొమ్మిదేళ్ళు గడిచినయ్యి. పంతొమ్మిదేళ్ళూ రూతమ్మ మెట్ల మీదే. ఎండకీ అక్కడే, వానకి గోనెపట్టా కప్పుకొని అక్కడే. ప్రభువు బల్ల నాడు రొట్టె, ద్రాక్షరసం లోపల అందరి చేతుల మీదగా పోయేవి, గడప దాటేవి కావు. కొత్త అయ్యగారొచ్చి, "మాటవరసకి తప్పయిందను చాలు, అంతా మర్చిపోదాం" అన్నాడు. "తప్పయిందంటే ఆ గంజి తప్పవుద్దయ్యా," అంది. ఎండాకాలం జొరమొచ్చి మూడు రోజుల్లో పోయింది. సంఘం సమాధుల దొడ్లో చోటు కావాలంటే, ఆఖర్న పశ్చాత్తాపపడిందని మొగుడు చెప్పాలన్నారు. సలోమమ్మే, అప్పటికి కర్రతో నడస్తంది, బర్నబా కాళ్ళ కాడ కూసోని బతిమాలింది, "అన్నదని చెప్పు తమ్ముడా, ఎవరు చూడొచ్చారు, మా పాపమూ తీరుద్ది" అని. బర్నబా తల అడ్డంగా ఊపాడు. "ఒకసారి నా చెయ్యి లేచిందక్కా. ఇప్పుడు నోరు కూడానా?" వాగొడ్డున సుంకమ్మ పక్కనే పెట్టాడు. ఇద్దరికీ రాళ్ళు లేవు. మొన్న వరదకి గట్టు కోసుకపోయింది, ఇప్పుడు ఆ చోటు చూపించమంటే నేనూ చూపించలేను.

నా పిడికెడు ఇప్పుడు యాడికి పోద్దో అడగొద్దు. చాప మీదికి మాత్రం పోదు. ఇప్పుడు చాప పక్కన కూసునే సలోమమ్మ కోడలు కొలుచుకోనీ.

నేను బడి మొహం చూడలా. బెల్లం పొట్లాల కాగితాలు, బైబిలు, పాత పత్రికలు, దొరికిందల్లా కూడబలుక్కొని చదవడం నేర్చుకున్నా. రెండేళ్ళ కింద గుడి కప్పు మార్చేటప్పుడు పాత ట్రంకు పెట్టె బయటేసి పుస్తకాలు ఎండకి ఆరబెట్టారు. కాపలాకి నన్ను కూసోబెట్టారు, ఈ ముసల్దానికి ఏం చదవొచ్చులే అని. తిరగేసి తిరగేసి ఆ పేజీ పట్టుకున్నా. ఇట్టా ఉంది. "బర్నబా భార్య రూతమ్మ విగ్రహారాధనలో పడినందున బల్లకు దూరము చేయడమైనది. అందరును సమ్మతించిరి." సమ్మతించిరి, చూశారా, ఎంత చక్కటి తెలుగు. గంజి లేదు, పుండు లేదు, మోచెయ్యి లేదు. అందరును అన్న ఆ ఒక్క మాటలో నేనూ ఉన్నా, పేరు లేకండా. కింద రెండు గళ్ళు గీసి ఉన్నాయి. తిరిగి చేర్చుకొన్న తేదీ అన్న గడి ఖాళీ. పెన్ను ఉంటే నేనే రాద్దును, కానీ ఏ తేదీ అని రాసేది? రెండో గడిలో వెలేసిన తేదీ, నల్ల సిరా, ఇన్ని వానలకీ ఒక్క అక్షరం చెదరలేదు: 1966 ఆగస్టు 14.