గోడ వైపు కేక

(సాయంత్రం నాలుగు గంటలు. ఊరవతల మైదానం. లోపలికి వెళ్లే వరసలో, పెళ్లై నలభై రోజులైన భార్యాభర్తలు.)

"గేటు వైపే ఎందుకు? నాకొక్క కారణం చెప్పు."

"గాలి బాగా వస్తుంది."

"ఇది మైదానం అండీ. నాలుగు వైపులా గాలే."

"నీడ కూడా..."

"నాలుగైంది. ఇంకాసేపట్లో ఎండే ఉండదు. ఇంకోటి చెప్పు."

"ఆ గోడ పక్కన స్పీకర్లు చూశావా, బీరువాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు! చెవులకి మంచిది కాదు."

"గేటు వైపూ అన్ని బీరువాలే ఉన్నాయి, లెక్కపెట్టుకో. ఓ చెవుల సారూ! పొద్దస్తమానం జనాన్ని గాజుగదిలో కూర్చోబెట్టి, 'కుయ్‌మని వినపడితే మీట నొక్కండి' అనే ఉద్యోగం నీది. హెవీ మెటల్ షోలో ఎక్కడ నిలబడాలో నువ్వు నాకు చెబుతావా? ఇది నాకు తొమ్మిదో షో. నీకెన్నోది?"

"మొదటిది."

"చంకలో ఏంటది?"

"దిండు."

"ఎందుకుంది?"

"పాటకచేరీకి వెళ్తున్నాం అంటే అమ్మ ఇచ్చింది కదా, నేల మీద కూర్చుంటే నడుం పట్టేస్తుందని. అత్తయ్య మనసు కష్టపెట్టకూడదు, తీసుకో అని నువ్వే అన్నావు."

"తీసుకోమన్నాను. స్కూటర్ డిక్కీలో పెట్టెయ్యమని కూడా అన్నాను."

"పట్టలేదు."

"సరే. మెటల్ షోకి దిండుతో వచ్చిన మొట్టమొదటి మగాడివి నువ్వే. పద, గోడ వైపు."

"గేటు వైపు."

"అబ్బా, మళ్లీ మొదటికొచ్చావా! మా గోడ బ్యాచ్ అంతా అక్కడ కాచుకుని ఉన్నారు. పళ్ల డాక్టరు, లారీ డ్రైవరన్నయ్య, ఆ కవల అక్కాచెల్లెళ్లు... మూడేళ్లుగా మా అడ్డా అదే. మా ఆయన్ని చూపిస్తానని గొప్పగా చెప్పాను. ఇప్పుడు వెళ్లి ఏం చెప్పను, మా ఆయనకి గోడ పడదనా?"

"అలాగే చెప్పు. నేనేమీ అనుకోను."

"ఇవాళ ఏంటో తెలుసు కదా నీకు?"

"తెలుసు. డ్రమ్ములాయన ఆఖరి షో."

"ఎందుకు ఆఖరిది?"

"మణికట్లు అరిగిపోయాయి."

"ఆయన లేకపోతే?"

"'కొలిమి' పాట ఇంకెవరూ వాయించలేరు. తెలుసు తల్లీ. నలభై రోజుల్లో నలభైసార్లు చెప్పావు."

"నలభై ఒకటోసారి విను. డిగ్రీ ఆఖరి ఏడాది లెక్కల పేపరు పోయింది నాకు. హాస్టల్ గదిలో తలుపేసుకుని కూర్చుంటే, పక్క మంచం పిల్ల ఒక చెవిలో ఇయర్‌ఫోన్ కుక్కి ఆ పాట పెట్టింది. తొమ్మిది నిమిషాలు. అయ్యేసరికి లేచి, మొహం కడుక్కుని, పుస్తకం తీశాను. ఇవాళ బళ్లో అవే లెక్కలు నలభైమందికి చెబుతున్నానా, లేదా?"

"చెబుతున్నావు."

"కానీ ఎదురుగా నిలబడి ఒక్కసారి కూడా వినలేదు. చివర్లో వీళ్ల పాటగాడు ఉరుము అన్నయ్య మైకు ముందు నిలబడి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని 'ఏం కావాలి?' అంటాడు. ఏ పాట పేరు వినపడితే అది పాడతాడు. వీళ్ల పద్ధతి అది. ఎనిమిది షోలు 'కొలిమి' అని గొంతు చించుకున్నాను. ఎనిమిదిసార్లూ 'ఎర్ర దుమ్ము' పాడాడు. ఇవాళ కూడా 'ఎర్ర దుమ్ము' అయితే, ఇక ఈ జన్మకి..."

"అందుకే చెబుతున్నా. ఎనిమిదిసార్లూ ఆ గోడ దగ్గర్నుంచే అరిచావు కదా. ఈసారి ఇటు నుంచి అరిచి చూడు. ఆయన ఎడమ..."

"ఆయన ఎడమ ఏంటి?"

"ఏం లేదు. గోడ ఆయనకి ఎడమ వైపు అవుతుంది, గేటు కుడి వైపు అవుతుంది అంటున్నా."

"అయితే?"

"అయితే ఏముంది. మార్పు మంచిదే కదా అని."

"నువ్వేదో దాస్తున్నావు. అబద్ధం చెప్పేటప్పుడు నీ ముక్కు కొస ఎర్రబడుతుంది. నేను పెట్టిన మొదటి కాఫీ తాగి 'అద్భుతం' అన్నప్పుడూ ఇలాగే ఎర్రబడింది."

"పెళ్లయ్యాక నేను అడుగుతున్న మొదటి కోరిక ఇది. కాదంటావా?"

"మొదటిది కాదు, మూడోది. మొదటిది దుప్పటంతా లాగేసుకోవద్దని. రెండోది తడి తువ్వాలు నీ పుస్తకాల మీద వెయ్యొద్దని."

"ఆ రెండూ తీర్చావా?"

"లేదు."

"మరి?"

"అబ్బబ్బా, అలా దిండు వాటేసుకుని జాలిగా చూడకు! సరే పద, గేటు వైపే చావు. కానీ ఇవాళ 'కొలిమి' పాడలేదో... ఏడాది పాటు దుప్పటి మొత్తం నాదే. నువ్వు ఆ దిండు కప్పుకుని పడుకో."

*

"ఎలా ఉంది? ఏయ్, నిన్నే! ఎలా ఉందీ?"

"పొట్టలో వినపడుతోంది! చెవుల్లో కాదు, పొట్టలో!"

"అదే! అలాగే వినపడాలి!"

"చెవుల్లో నేనిచ్చిన బిరడాలు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాను మహాప్రభో! పాటకీ పాటకీ మధ్య నా చెవిలో వేలు పెట్టి చూడకు, నలుగురూ నవ్వుతున్నారు!"

"ముందున్న ఆయన తల ఎందుకలా ఊపుతున్నాడు? ఒంట్లో బాగానే ఉందా ఆయనకి?"

"భేషుగ్గా ఉంది! పాట నచ్చింది, ఊపుతున్నాడు! నువ్వూ ఊపు!"

"మెడ పట్టేస్తే?"

"రేపు అత్తయ్య కాపడం పెడుతుంది! ఊపు! అలా కాదు, అది పెద్దవాళ్లు చెప్పిందానికి 'అలాగేనండీ' అన్నట్టుంది! తలస్నానం చేసి నీళ్లు విదిలించినట్టు ఊపాలి!"

"నాకంత జుట్టు లేదుగా!"

"ఉన్నంతలో ఊపు!"

"అయ్యయ్యో, అటు చూడు, మధ్యలో వాళ్లు కొట్టుకుంటున్నారు! ఎవరినైనా పిలవాలి!"

"కొట్టుకోవట్లేదు, గుద్దుకుంటున్నారు. సరదాకి!"

"ఒకడు పడిపోయాడు!"

"ఇప్పుడు చూడు. చూశావా? నలుగురు లేపారు. ఆ పొడుగావిడ కళ్లజోడు వెతికి, తుడిచి మరీ చేతికిచ్చింది."

"నేనెక్కే బస్సులో ఇంత మర్యాద లేదే."

"వెళ్తావా?"

"ఎక్కడికి?"

"లోపలికి!"

"నేనా? ఛీ ఛీ. ఈ వయసులో... అంటే, నువ్వు పక్కనుంటే... ఒక్క పాటకి?"

"దిండు పొట్టకి అడ్డం పెట్టుకో! మోచేతులు దగ్గరగా! పద!"

"అయ్య బాబోయ్! ఇదిగో, నా చెయ్యి వదలకు! ఇదిగో!"

*

"చూశావా? చూశావా? ఆ గడ్డపాయన నన్నొక్క గుద్దు గుద్ది, 'దిండు ఉపాయం బాగుంది తమ్ముడూ' అన్నాడు! నేనూ గుద్దాను!"

"విన్నాను. 'క్షమించండి' అని చెప్పి గుద్దావు."

"తెలియని మనిషి కదా మరి!"

"చొక్కా పై గుండీ ఏది?"

"ఏమో, పోయింది. ఎడం కాలి చెప్పు కూడా వేరే వాళ్లది అనుకుంటాను, కొంచెం వదులుగా ఉంది. పోనీ! ఎంత బాగుందో తెలుసా! క్లినిక్‌లో రోజంతా నిశ్శబ్దం. గోడలకి కూడా మెత్తలే. ఇలా ఒకటుందని నాకెవరూ చెప్పలేదే ఇన్నాళ్లూ! ... నీ గొంతేంటి అలా ఉంది?"

"ఎలా ఉంది?"

"మూకుడు గీకినట్టుంది."

"రెండు గంటల నుంచి ప్రతి పాటా ఆయనతో సమానంగా పాడుతున్నానుగా."

"చాలు, ఇక మాట్లాడకు. నీళ్లు తాగు. చివర్లో అరవాలి కదా."

"అరుస్తాను. రోజూ నలభైమంది పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టే గొంతు ఇది. దీనికేం కా... క్... క్..."

"ఏమైంది?"

"రావ... ట్లే..."

"ఏం రావట్లేదు? గొంతా? ఇప్పుడా! అదిగో మైకు దగ్గరికి వస్తున్నాడు! చెయ్యి చెవి దగ్గర పెడుతున్నాడు!"

"నువ్... అరు..."

"నేనా? నేనరవడమేంటి? ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోతున్నా చెయ్యి ఊపుతాను తప్ప 'ఆపండి' అనని మనిషిని!"

"ప్లీ..."

"అయ్యో, ఏడవకు, ఏడవకే. చుట్టూ అందరూ 'ఎర్ర దుమ్ము' అంటున్నారు... సరే. సరే. కొలిమి. కొలిమండీ! ఇటండీ, కొలిమి! కొలిమీ! కొలిమీఈఈఈ!"

"ఇం... కా..."

"కొలిమీఈఈఈ! ... ఆగు, అటు తిరిగాడు. గోడ వైపు ఎందుకు చూస్తున్నాడు? ఇంకా అటే చూస్తున్నాడు. ఇప్పుడు వెనక్కి వెళ్లి డ్రమ్ములాయనతో ఏదో అంటున్నాడు... గిల్లకు, నొప్పి! ఏమన్నాడు? మైకులో ఏమన్నాడిప్పుడు? 'కొలిమి' అన్నాడా? అన్నాడే! అన్నాడు! ఈ దిండు పట్టుకో, నేను నిన్నెత్తుకుంటాను!"

*

"ఇదిగో, గుసగుసగా కూడా మాట్లాడకు. గొంతుకి అది ఇంకా చేటు."

"మాట్లాడకపోతే చచ్చిపోతాను. ఆయన కళ్లు మూసుకుని వాయించాడు, చూశావా? చివర్లో పాట ఆగిపోయాక కూడా ఆయనొక్కడే వాయిస్తూ ఉండిపోయాడు. పుల్లలు కింద పెట్టడానికి మనసొప్పలేదు ఆయనకి."

"చూశాను. నువ్వు నా చొక్కాకి ముక్కు తుడుచుకున్నావు కూడా."

"గుండీ లేని చొక్కాయే కదా. ... నాకు తెలిసిపోయింది."

"ఏంటి?"

"ఆయన మీ క్లినిక్‌కి వచ్చాడు."

"ఎవరు?"

"ముక్కు ఎర్రబడింది."

"ఎండకి."

"ఎండ పోయి గంట దాటింది. ఉరుము అన్నయ్య వచ్చాడు, నువ్వు పరీక్ష చేశావు, ఆయనకి ఎడమ చెవి పోయింది. అవునా?"

"ఎవరొచ్చారో, ఎవరి చెవి ఎలా ఉందో ఇంట్లో చెప్పకూడదు. ఉద్యోగం ఊడుతుంది."

"చెప్పొద్దులే. తల ఊపు. ఇందాక బాగానే ఊపావుగా."

"ఊపను."

"ఊపకపోయినా అర్థమైంది. ఎనిమిది షోలు పనిచెయ్యని చెవి వైపు నిలబడి గొంతు చించుకున్నానన్నమాట! ఇవాళ నువ్వు అరవగానే ఏం చేశాడు? గోడ వైపు తిరిగాడు. ఎందుకు తిరిగాడు? బాగున్న కుడి చెవి మన వైపు పెట్టడానికి! నీ కేక వినడానికి!"

"అలా... అంటావా?"

"అలాగే! పాపం, ఉద్యోగధర్మం తప్పకుండా, నోరు విప్పకుండా, నన్ను చెయ్యి పట్టుకుని సరైన చోటికి తెచ్చి, నా పాట నాకిప్పించావు. ఇంత మంచివాడివని తెలిస్తే మొదటి రోజే దుప్పటి ఇచ్చేసేదాన్ని."

"నేనంత మంచివాణ్నేం కాదు."

"వినయం కూడానా!"

"నిజంగానే చెబుతున్నా. పద, ఇంటికి పోదాం. స్కూటర్లన్నీ ఒకేసారి బయల్దేరితే..."

"ఆగు, ఆగాగు! కంచె దగ్గరికి వస్తున్నాడు! అందరికీ చేతులిస్తూ మన వైపే వస్తున్నాడు!"

"వద్దు, తోపులాటగా ఉంది. పద, పద."

"ఇందాక తోపులాటలోంచి నిన్ను బయటికి లాగడానికి నా తలప్రాణం తోకకొచ్చింది, ఇప్పుడు తోపులాటట! చెయ్యి వదులు. అన్నా! ఉరుము... అన్నా!"

"అరె, చెవుల సారు! మీరేంటి ఇక్కడ? చంకలో ఆ దిండేంటి? ఈవిడ మీ ఇంట్లోవాళ్లా?"

"మా ఆవిడండీ. చాలా బాగా పాడారు. వెళ్లొస్తాం."

"అన్నా, మీ కుడి చెవి ఇటు పెట్టండి. నాకు గొంతు పోయింది, గట్టిగా అనలేను. ఎడమ చెవి పోయిన సంగతి నాకు తెలుసన్నా. ఈయన ఒక్క ముక్క చెప్పలేదు, నేనే కనిపెట్టాను. ఎవరికీ చెప్పను, ఒట్టు."

"సార్, మీ సంగతులు ఇక్కడ నలుగురిలో ఎందుకు, తర్వాత ఎప్పుడైనా..."

"నా చెవి, నా ఇష్టం సారూ, ఇందులో దాపరికమేముంది! పోవడమేంటమ్మా, రెండు చెవులూ నిక్షేపంలా ఉన్నాయని మీ ఆయనే కదా కాగితం మీద రాసిచ్చారు. నా బాధ వేరు. మూడేళ్లుగా ప్రతి షోలోనూ ఆ గోడ దగ్గర్నుంచి ఒకావిడ 'కొలిమి, కొలిమి' అని ఎంత కేక పెడుతుందంటే, ఇంటికెళ్లి పడుకున్నా ఎడమ చెవిలో అదే మోత. అలా అరిచి ప్రాణం తీస్తే ఎవరికి పాడబుద్ధేస్తుంది చెప్పు! ఈయనకి చెప్పుకుంటే ఎందుకో తెల్లమొహం వేసి, 'ఇక వినపడదు లెండి, నాదీ పూచీ' అన్నారు. అన్నట్టే ఇవాళ షో అంతా అటు నుంచి కిక్కురుమనలేదు. హాయిగా ఉండాలి కదా? చివర్లో చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఆ గోడ వైపే ఎంతసేపు చూశాననుకున్నావు! లేదు. మనిషి రాలేదు. పాపం, ఏమైపోయిందో ఏమో అని దిగులేసి, ఆ పాట ఆవిడ కోసమే పాడానమ్మా."