రిజిస్టర్‌లో ఎక్కని నవల

సభాధ్యక్షులు, మా ప్రిన్సిపాల్ రాజరత్నంగారికి, నంద్యాల నుంచి ఎండకు ఓర్చి ఆళ్లగడ్డ దాకా వచ్చిన పెద్దలకు, తోటి అధ్యాపకులకు, భోజనాలు ఎప్పుడు పెడతారా అని వెనక బెంచీల్లో ఎదురుచూస్తున్న నా పిల్లలకు ఈ లూదియా నమస్కారాలు. (నవ్వులు)

ముప్పై ఒక్క ఏళ్ల కిందట నేను ఈ కాలేజీలో లైబ్రేరియన్‌గా చేరినప్పుడు ఇక్కడ రెండు బీరువాలు, నాలుగొందల పుస్తకాలు ఉండేవి, నిన్నటికి రిజిస్టర్‌లో తొమ్మిది వేల రెండొందలు, చుట్టుపక్కల ఏ కాలేజీకీ ఇంత లైబ్రరీ లేదు, ఈ విషయంలో వినయం నటించే ఓపిక నాకు లేదు. (చప్పట్లు) రాజరత్నంగారు ఇందాక దీన్ని నా సేవాభావం అన్నారు. సార్, పెద్దవారి మాట కాదనకూడదు గానీ, అది సేవాభావం కాదు.

రిటైరవుతూ నిన్న చార్జి అప్పగించాను. నా కుర్చీలోకి వస్తున్నది సుమయ్యా, ఈ లైబ్రరీలోనే చదువుకున్న పిల్ల. పుస్తకాలన్నీ సరిచూసి, "మేడం, ఒక బుక్కు ఎక్కువొస్తాండాది. తక్కువైతే మీ జీతంలో పట్టుకుంటారు, ఎక్కువైతే ఏం చేయాల?" అంది.

ఆ ఎక్కువైంది ఇదే. (పుస్తకం ఎత్తి చూపారు) అట్ట ఊడిన పాత నవల. పాడుబడిన కోటలో ఒక ఆమె ఒకరి మీద మనసుపడి, ఆ మాట పైకి అనలేక, ఆయన ఉత్తరాలు మేడగదిలో పెట్టి తాళం వేస్తుంది. అప్పట్నుంచి ఆ గదిలో అడుగుల చప్పుడు ఆగదు. నా సొరుగులోంచి దీన్ని తీసుకెళ్లి, లెక్కల పుస్తకం అట్ట వేసి ఎంతమంది ఆడపిల్లలు చదివారో నాకు తెలుసు. సుమయ్యా, తల దించుకోకు, నువ్వు రెండుసార్లు చదివావు. (నవ్వులు)

దీన్ని ఇచ్చింది నంద్యాలలో పాత పుస్తకాల కొట్టు పీరాగారు, నేను చేరిన ఏడాదే. బిల్లు అడిగితే, "దీనికి బిల్లు రాయను మేడం. చదివి ఎట్లుందో చెప్పండి, చాలు," అన్నారు. బిల్లు లేని పుస్తకం రిజిస్టర్‌లో ఎక్కదు. ఎట్లుందో నేనూ చెప్పలేదు. పాస్టరుగారి కూతుర్ని, ఏమని చెప్పేది? మళ్లీ ఆ కొట్టు మెట్లెక్కడానికి నాకు నెల పట్టింది. ఆ తర్వాత మాత్రం ప్రతి రెండో శనివారం నంద్యాల బస్సెక్కాను. ఊరికే వెళ్తే బాగుండదని పుస్తకాలు కొన్నాను. అన్నీ ఒక్క కొట్లోనే ఎందుకు కొన్నారని ఆడిటరు అడిగితే ధర తక్కువని రాసిచ్చాను. (నవ్వులు) అబద్ధం కాదు, తక్కువే.

ఆయన పెళ్లి చేసుకోలేదు, నేనూ చేసుకోలేదు, ఎందుకని ఒకరినొకరం అడగనూ లేదు. ఆయనంటే నాకు ఇష్టం. ఇదిగో, అనేశాను, పైకప్పేమీ కూలలేదు. ఆ ఇష్టంతో కొన్నవే ఈ పుస్తకాలన్నీ. అందుకు నాకు సిగ్గు లేదు, గర్వమే.

సుమయ్యా, నీ ప్రశ్నకు జవాబు: బిల్లు లేని పుస్తకాన్ని దానం కింద ఎక్కించవచ్చు, దాత సంతకం ఉంటే చాలు. నంబరు పొద్దున్నే వేశాను, తొమ్మిది వేల రెండొందల ఒకటి. దాత తలుపు పక్కన కూర్చుని చెమట తుడుచుకుంటున్నారు. పీరాగారూ, ఆడ్నే కూచుంటే ఎట్లప్పా? పైకి రాండి, పెన్ను నా దగ్గరుంది. (చప్పట్లు)

ఎట్లుందో చెప్పమన్నారు కదా, ఆలస్యంగానైనా చెప్పాను. మీరేమంటారో బస్టాండు దాకా నడుస్తూ వింటాను. ఇన్నేళ్లు నన్ను భరించిన మీ అందరికీ ధన్యవాదాలు. సెలవు.