మూడో కుర్రాడు

ఓహియోలో గాల్టన్ అనే చిన్న ఊరి బేస్‌బాల్ టీం ఆఫీసు. జూలై ఆఖరి రోజు, ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకునే గడువు అప్పుడే ముగిసింది. గదిలో ఇద్దరు: టీంను నడిపే కర్టిస్, ఊళ్లు తిరిగి కుర్రాళ్లను వెతికి తెచ్చే ముసలి స్కౌటు ఆర్లో.

“ముప్పై ఆరేళ్లా! నువ్వు కొత్తగా తెచ్చిన ఆ పిచర్‌కి ముప్పై ఆరేళ్లురా కర్టిస్!”

“తెలుసు గురువుగారూ.”

“మోచేతికి ఆపరేషన్ కూడా అయింది. అదీ తెలుసా?”

“తెలుసు. అయినా ఎడంచేత్తో బంతి వేస్తే ఇప్పటికీ ఎవడికీ కనబడదు. మన పిచర్లు ఇద్దరూ భుజాలకి ఐసుముక్కలు కట్టుకు కూచున్నారు. రేపు బంతి ఎవరిచేత వేయించమంటారు? మీరొస్తారా?”

“వస్తా. నేనైతే ఇంతకంటే చవగ్గా వస్తాను. అక్టోబరు దాటితే మన దగ్గరుంటాడా వాడు?”

“ఉండడు. వాడి ఒప్పందం అక్కడితో సరి.”

“అంటే రెండు నెలల ముచ్చట! విత్తనాలు వండుకు తినడమంటే ఇదేరా. వచ్చే ఏడు పొలంలో ఏం చల్లుతావు? వాడి పాత చొక్కాలా?”

“వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు చూద్దాం. ఈ ఊరు చివరిదాకా పోటీలో నిలబడి ఎన్నాళ్లయిందో మీకు తెలీదా? టైర్ల ఫ్యాక్టరీ మూసేశాక ఈ జనానికి నవ్వుకోడానికి మిగిలింది మనమే. నిన్న పెట్రోలు బంకులో ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. ఈసారైనా వదలొద్దు బాబూ అంది.”

“ఆవిడకేం, అంటుంది. ఓడిపోతే నిన్నే తిడుతుంది. పెద్ద ఊళ్లవాళ్లు డబ్బు పారేసి కొనుక్కుంటారు. మనం పిల్లల్ని పెంచి పెద్దచేసి వాళ్ల గుమ్మంలో దింపి వస్తాం. ఇన్నేళ్లుగా నేను చేసింది అదేగా. సరే, వాడికి బదులు ఎవరెవర్ని ఇచ్చావు?”

“ముందు కూచోండి.”

“నిలబడే వింటా. ఎవరు?”

“బీమర్.”

“బీమర్! వాడిప్పుడిప్పుడే బంతి తిప్పడం నేర్చుకున్నాడురా! ఇండియానాలో వాళ్ల నాన్న మొక్కజొన్న చేల మధ్య, కొట్టం గోడకేసి బంతులు విసురుకుంటుంటే చూసి తెచ్చాను. ఆ వానలో నా కారు బురదలో దిగబడితే వాళ్లమ్మ ట్రాక్టరేసి లాగింది. ఇంట్లో కూచోబెట్టి ఆదరంగా కోడికూర పెట్టింది. నీ కొడుకుని నా కొడుకులా చూసుకుంటానమ్మా అని మాటిచ్చి వచ్చాను.”

“ఆ మాట మీరు అందరి అమ్మలకీ ఇస్తారు.”

“అందరికీ ఇస్తాను. అందర్నీ నువ్వు అమ్ముతావు. తర్వాత?”

“ఓట్స్.”

“టైరెల్ ఓట్సా? నీకు మతి గానీ పోయిందా? వాడు పరిగెడుతుంటే నేను గడియారం ఆపడం మర్చిపోయాను మొదటిసారి!”

“కాళ్లున్నాయి. బ్యాటుకే బంతి తగలట్లేదు.”

“తగుల్తుంది. అక్కడికెళ్లాక తగుల్తుంది. మన మీదే తగుల్తుంది. అప్పుడు నువ్వు తలపట్టుకుంటావు, నేను పక్కన కూచుని పల్లీలు తింటా. అంతేగా? ఇద్దరేగా?”

“కాఫీ తాగుతారా?”

“వద్దు.”

“పొద్దున్నించీ ఏమైనా తిన్నారా? డోనట్లున్నాయి, మీకిష్టమైనవే.”

“కర్టిస్.”

“ఊఁ.”

“నా కారులో పక్క సీట్లో కూచోబెట్టుకుని నీకు ఈ పని నేర్పాను. నువ్వు తిండి మాట ఎత్తావంటే ఏదో చెడ్డ కబురు నోట్లో పెట్టుకున్నావన్నమాటే. మూడోవాడున్నాడు కదూ?”

“ఉన్నాడు.”

“క్యాచర్ ముల్లిన్స్ కాదుగా?”

“కాదు. వాళ్లు ముల్లిన్స్‌నే అడిగారు. పట్టిన పట్టు విడవలేదు. చచ్చినా ఇవ్వనన్నాను.”

“శభాష్! పొద్దున్నించీ ఒక్క మంచిపని చేశావు. మరైతే ఎవర్ని... ఆగు, ఫోను. మా ఎమెట్ మెసేజి. మన చిన్న టీం ఆట అప్పుడే అయిపోయిందా?”

“తర్వాత చూద్దురుగాని.”

“కన్నకొడుకు మెసేజి తర్వాత చూడ్డమేమిట్రా? నా కళ్లద్దాలు... ఆఁ. ‘నాన్నా, ఆట మధ్యలో నన్ను లోపలికి పిలిచేశారు. ఎందుకో ఎవరూ చెప్పట్లేదు. కుర్రాళ్లంతా వరసగా వచ్చి కౌగిలించుకుంటున్నారు. గాల్టన్ పెద్ద టీంకే అనుకుంటా! అమ్మకి చెప్పకు, నేనే చెప్తా...’ ఓరి దొంగా!”

“గురువుగారూ...”

“ఓరి దొంగ వెధవా! అందుకా ఇందాకట్నుంచి నీళ్లు నములుతున్నావు! మావాణ్ణి పెద్ద టీంలోకి పిలిచి, నాకు చెప్పకుండా డోనట్లు తినమంటావా!”

“ఆట మధ్యలో పిలిచి కౌగిలించుకునేది అందుకొక్కందుకే కాదు. మీకు తెలుసు.”

“తెలుసులేవోయ్. అమ్మేసినప్పుడూ కౌగిలించుకుంటారు. కానీ వాణ్ణెవరూ అడగరు. ఆ భయం నాకు లేదు. అబ్బ, కర్టిస్, కూచుంటా ఇప్పుడు. ఆ డోనట్ ఇలా పడెయ్.”

“...తీసుకోండి.”

“ఒరే, నీకో సంగతి చెప్పనా? జీవితమంతా ఊరివాళ్ల పిల్లల ఆటలు చూశాను. మావాడి ఆట స్కూల్లో ఒక్కటి కూడా పూర్తిగా చూళ్లేదు. వాడు నాయకుడై కప్పు గెలిచిన రోజు నేను కెంటకీలో ఎవడి కొడుకుదో పరుగు కొలుస్తున్నా. మా ఆవిడ నాడీన్ ఇప్పటికీ దెప్పుతుంది. అందుకే ఒక్కటే కోరిక మిగిలింది. మన మైదానంలో, మన ఊరి చొక్కాలో వాడు ఆడుతుంటే, అందరిలాగే టికెట్టు కొనుక్కుని, కాగితం కలం లేకుండా కూచుని చూడాలి. అరవాలి. గొంతు పోయేదాకా అరవాలి. అంతేరా. ఇంకేం అక్కర్లేదు నాకు.”

“వాణ్ణెవరూ అడగరని అంత నమ్మకంగా ఎలా చెప్పారు?”

“తెలుసంతే. ఎందుకు, అడిగారా?”

“అడగలేదు.”

“అదీ! చెప్పలా నేను?”

“వాళ్లు అడగలేదు గురువుగారూ. నేనే ఇచ్చాను.”

“...ఏం ఇచ్చావు?”

“ముల్లిన్స్ బదులు ఎమెట్‌ని. మూడోవాడు ఎమెట్.”

“సరదాకి కూడా అనకూడదురా అలాంటివి.”

“సరదా కాదు.”

“ఏదీ, నా మొహం చూసి అను. కిటికీలోకి చూడకు. నన్ను చూడు!”

“ఎమెట్‌ని ఇచ్చేశాను.”

“ఎందుకు? జూన్‌లో నాలుగాటలు సరిగ్గా ఆడలేదనా? జ్వరంతో ఆడాడురా వాడు!”

“అందుక్కాదు.”

“మరెందుకురా? నేనేం పాపం చేశాను నీకు?”

“పోయిన వారం ఎమెట్ వాళ్ల ఆట దగ్గర మీరు హర్షెల్ పక్కన కూచున్నారు. ఇప్పుడు మనతో బేరం చేసినవాళ్ల స్కౌటు హర్షెల్.”

“కూచున్నా. స్కౌట్లం అందరం ఒక్కచోటే కూచుంటాం. అయితే?”

“మీ వెనకాల, స్తంభం చాటున నేనున్నాను. టోపీ దించుకుని. ఎవరికీ చెప్పకుండా వచ్చాను.”

“నువ్వా? నువ్వెందుకొచ్చావు?”

“ఎమెట్‌ని సెప్టెంబర్లో పైకి తెచ్చుకుందామని. ఒకసారి కళ్లారా చూసి వెళ్దామని.”

“మరి చూశావుగా?”

“మీరు హర్షెల్‌తో అన్నారు. మావాడికి ఆట మీద మనసు విరిగిపోయింది, వాళ్లమ్మ ఒళ్లో తలపెట్టుకుని ఏడుస్తున్నాడు, ఈ ఏడాదితో బ్యాటు అటకెక్కిస్తాడు అని. చెవులారా విన్నాను. మీ గొంతు వణికింది. కళ్లు తుడుచుకున్నారు.”

“ఒరే పిచ్చివాడా.”

“నేను...”

“ఒరే పిచ్చివాడా! అది అబద్ధంరా!”

“అబద్ధమా?”

“వాడు మానెయ్యడమేమిటి, బ్యాటు పక్కలో పెట్టుకుని పడుకుంటాడు! వాణ్ణి ఎవరూ అడక్కూడదని అన్నాన్రా! జూలై నెలలో స్కౌటు నోట నిజం వస్తుందా? అమ్ముకునేవాణ్ణి పొగడాలి, దాచుకునేవాణ్ణి తిట్టాలి. ఇది నీకు నేర్పింది ఎవరు? నేను కాదూ?”

“మీరే. ఊరివాళ్ల పిల్లల గురించి అలా చెప్పమని నేర్పారు. కన్నకొడుకు మీద కూడా చెప్తారని నాకెలా తెలుస్తుంది? అదీ కన్నీళ్లు పెట్టుకుని?”

“నీళ్లు పెట్టుకోకపోతే హర్షెల్ నమ్మడు. పాత పాము వాడు.”

“నేను ఆ రోజు దారంతా అదే ఆలోచించా. పాపం గురువుగారు, మాకెవరికీ చెప్పుకోలేక పరాయివాడి దగ్గర బాధపడుతున్నారు అనుకున్నా.”

“నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయిందిరా?”

“ఏమని అడగను? మీ అబ్బాయి ఏడుస్తున్నాడటగా అని అడగనా? మన ఊళ్లో ఆడి మధ్యలో మానేస్తే, కిరాణా కొట్లో కూడా మిమ్మల్నే నిలబెట్టి అడుగుతారు. దూరంగా కొత్తచోటైతే మనసు కుదురుతుందేమో, కుదరకపోయినా ఇక్కడెవరికీ తెలీదు అనుకున్నా. ఒట్టు గురువుగారూ, మేలు చేస్తున్నాననే అనుకున్నా.”

“మేలు! నా నోట్లో మట్టికొట్టి మేలంటున్నావు! ఫోను తియ్యి. పొరపాటైందని చెప్పు. ముల్లిన్స్‌ని ఇచ్చెయ్, వాడి బూట్లు కూడా ఇచ్చెయ్.”

“గడువు దాటిపోయింది.”

“కాళ్లు పట్టుకుంటానని చెప్పు!”

“ఎవరి కాళ్లు పట్టుకున్నా మారదు. మీకూ తెలుసు.”

“ఇదుగో, ఫోను. వాడే. ఏమని చెప్పనురా? నీమీద చాడీలు చెప్పి నిన్ను నేనే పంపేశానని చెప్పనా? వాళ్లమ్మకేం చెప్పను?”

“నేను మాట్లాడనా?”

“ముట్టుకోకు దాన్ని! ...ఆగిపోయింది. పోనీలే. ఒరే, ఒక్కటి చెప్పు. మానేస్తాడని హర్షెల్‌కి చెప్పాను కదా. వాడు వాళ్లవాళ్లకి చెప్పే ఉంటాడు. మానేసేవాణ్ణి ఎలా పుచ్చుకున్నారు? ఇప్పుడైనా వద్దంటారేమో?”

“అనరు. నేను ఎమెట్ పేరెత్తగానే క్షణం కూడా ఆలోచించలేదు. వెంటనే సరేనన్నారు. ఫోన్లో వెనక నుంచి నవ్వులు వినపడ్డాయి.”

“నవ్వులెందుకు?”

“‘మీ ఆర్లో జూలైలో ఎవడి కోసం ఏడుస్తాడో వాణ్ణే పట్టుకోమని హర్షెల్ పోయిన వారమే చెప్పాడు, అడిగితే మీరు బిగుసుకుంటారని నోరు మూసుకున్నాం’ అన్నాడు వాళ్ల మేనేజరు. ఏదో వెటకారమనుకున్నా. ఇప్పుడర్థమైంది. ఆ మైదానంలో మీ మాట నమ్మింది నేనొక్కణ్ణే, గురువుగారూ.”