తుఫానును ఆపిన గొంతు

పాటగాడు లాసెల్స్ బిన్స్‌ని మట్టిలో పెట్టి వచ్చాం. రమ్ము కొట్టు అరుగు మీద అందరం కూలబడ్డాం. మేక తలకాయ చారు గిన్నెల్లో చల్లారిపోతోంది, ఎవరికీ నోట పెట్టబుద్ధి కావడం లేదు. ఎగ్బర్ట్ ఒక్కడే, పోయినవాడి వాటా అంటూ నేల మీద కాస్త రమ్ము ఒలకబోసి, గొంతు సవరించుకున్నాడు.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు. వాడి మొదటి పాటకి డ్రమ్ము వాయించేవాడు జ్వరంతో పడుకుంటే, బిస్కెట్ డబ్బా మీద తాళం వేసింది నేనే. అంతే. ఆమాత్రం ఎవరైనా వేస్తారనుకో. కానీ అది విని వాడేమన్నాడో తెలుసా? 'నువ్వు లేకపోతే నేను మూగోణ్ణిరా ఎగ్బర్టూ' అన్నాడు."

"పోయినసారి అది కిరసనాయిలు డబ్బా కదన్నా?" అన్నాడు తాపీ మేస్త్రి టైరెల్.

"మధ్యలో అడ్డు రాకు. వాడికి రెగే ఒక్కటే వచ్చనుకున్నారా? ప్రేమపాట ఎత్తుకుంటే విడాకులకని కోర్టు మెట్లెక్కిన మొగుడూ పెళ్లాలు ఒకే గొడుగు కింద ఇంటికెళ్లేవాళ్లు. చర్చిలో కీర్తన పాడితే పాస్టరు ప్రసంగం మడిచి జేబులో పెట్టేసుకునేవాడు. మైకు పట్టుకుని గడగడా మాటలు వాయించాడా, ఊపిరాడక చిలకలు చెట్ల మీంచి రాలిపడేవి. కింగ్‌స్టన్‌లో ఒక రికార్డుకి వంత పాడాల్సిన ముగ్గురు ఆడవాళ్లు బస్సు చెడి రాలేదు. ముగ్గురి గొంతులూ వీడే పాడేశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అందులో నడిమి గొంతుని పెళ్లాడతానని క్లారెండన్ నుంచి ఒకాయన సూటు వేసుకుని వచ్చాడు!"

ఎవరో నవ్వబోయి, స్మశానం గుర్తొచ్చి ఆగిపోయారు.

"లండన్లో పాడాడు చూడూ, అప్పుడు నేను పక్కనే ఉన్నాను..."

"నువ్వు విమానం ఎప్పుడు ఎక్కావు?" అన్నాడు టైరెల్.

"పక్కనే ఉన్నానంటున్నానా! బయట మోకాలిలోతు మంచు. వీడు రెండో చరణంలోకి వచ్చేసరికి మంచంతా కరిగి, వీధి చెట్లకి మామిడిపూత వచ్చింది. సరే, అదంతా ఒక ఎత్తు, ఆ సెప్టెంబరు తుఫాను ఒక ఎత్తు. ఇంటి రేకులు పేకముక్కల్లా ఎగిరిపోతుంటే వీడు తిన్నగా సముద్రం ఒడ్డుకి నడిచాడు. వెనకాలే నేను. నోరు తెరిచి ఒక్క రాగం తీశాడు. గాలి నిలబడిపోయింది! లేచిన అల లేచినట్టే ఆగింది, అందులోంచి చేపలు నన్నే చూస్తున్నాయి. తుఫాను తల వంచుకుని క్యూబా దారి పట్టింది. ఆ ఒక్క రాగంతో వాడి గొంతు అరిగిపోయింది. అందుకే మళ్లీ పాడలేదు."

"కాదు," అంది మిస్ ఐసీ.

చేపలమ్మే ఐసీ సమాధి దగ్గర్నుంచి ఒక్క మాటా మాట్లాడలేదు. మేమంతా అటు తిరిగాం.

"ఆ రోజు వాడు సముద్రం దగ్గర లేడు. మా ఇంట్లో ఉన్నాడు. గోడ కూలి మా అమ్మ మీద పడింది. ఇద్దరం కలిసి లాగాం, రాళ్లు కదల్లేదు. అమ్మ వాడి చెయ్యి పట్టుకుని, 'భయంగా ఉంది నాయనా, ఏదో ఒకటి పాడు' అంది. నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. మళ్లీ తెరిచాడు, మళ్లీ అంతే. చివరికి నేనే పాడాను, ఈ కాకిగొంతుతో. సగంలోనే అమ్మ పోయింది."

ఐసీ చల్లారిన చారు గిన్నె పక్కకి జరిపింది.

"ఆ తర్వాత పాడమని ఎవరొచ్చినా, 'అడిగినావిడకే పాడలేకపోయాను, ఇంకెవరికని పాడేది?' అని పంపించేసేవాడు."

ఎగ్బర్ట్ గ్లాసు కింద పెట్టాడు.

"ఇన్నేళ్లు రోజూ సాయంత్రం ఇక్కడే నా పక్కన కూర్చునేవాడు ఐసీ. నాకెప్పుడూ చెప్పలేదే!"

"చాలాసార్లు మొదలుపెట్టాడయ్యా," అంది ఐసీ. "నువ్వెప్పుడు చెప్పనిచ్చావు?"