పడమటికి తిరిగిన గరగ

హలో… ఆ, నేనేరా సత్యప్రసాదూ. నీ మేనమావని, గంగాధరాన్ని.

…

ఎవరనుకున్నావు మరి? ప్రొడ్యూసరనుకున్నావా?… అనుకుంటావులే. హైద్రాబాదులో టీవీ సీరియళ్ళకి కథలు రాసేవాడికి, కాట్రేనికోన పక్క లంకలో ఉన్న ముసలోడి గొంతు ఎందుకు గుర్తుంటుంది!

…

బానే ఉన్నాను. ఇప్పటికి బానే ఉన్నాను. ఇంకాసేపయ్యేక ఎలా ఉంటానో ఆ అమ్మవారికే తెలియాలి.

…

గుండె కాదురా. నాది గేదె గుండె, దానికేం పోయింది. జాతర్రా ఇవాళ! మర్చిపోయేవా?… ఉండు, ఫోను కిటికీ దగ్గర పెడతాను…

విన్నావా డప్పులు? గుడి దగ్గర గరగ ఎత్తేరు, అమ్మవారి కుండ. వేపమండలు కట్టి, పసుపు కుంకాలు పెట్టి, మోసేవాడు నెత్తిన పెట్టుకుని బయల్దేరేడు. మీ అత్త పెరట్లో బిందెకి పసుపు రాస్తోంది. నేను కొత్త పంచె కట్టుకుని కూచున్నాను. ఇప్పుడు చెప్పు, ఆ గరగ ముందు ఎవరింటికి రావాలి?

…

ఆయ్. మనింటికే. కాలవ వంతెన దిగి ఎడమచేతికి తిరిగితే మన తూర్పిల్లు. కుడిచేతికి తిరిగితే మీ అత్త పుట్టిల్లు, పడమటిల్లు. మా తాతల నాటినుంచీ ఎడమకే తిరిగింది. గరగ మోసేవాడి కాళ్ళమీద మొదటి బిందె పోసేది మనింటి ఇల్లాలే. పడమటిల్లు ఎప్పుడూ రెండోదే.

మరి ఈ ఏడు కుడికి తిప్పుదామని కేశవరావుగారు అంటున్నారంట. జాతర పెద్ద ఆయన. ఆయన మాటే మాట.

…

ఎందుకంటావేంట్రా? నీ సీరియల్ని అడుగు!

…

మొన్న సోమవారంది. ఊరు ఊరంతా చూసింది. కరెంటు పోతుందేమోనని కేశవరావుగారు జనరేటరు కూడా తెప్పించేరు. నేను ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూచున్నాను. మా వీరన్న తాత కథ టీవీలో వస్తోందంటే మాటలా! పెళ్ళికొడుకులా వెళ్ళేనురా. శవంలా ఇంటికొచ్చేను.

…

ఏంటా? నిన్ను అరుగుమీద కూచోబెట్టి, పనసతొనలు తినిపిస్తూ నేను చెప్పిన కథేంటి? వరదలో గుడి మునిగింది. గరగ కొట్టుకుపోయింది. పడమటింటోళ్ళు కొబ్బరిచెట్లెక్కి బొండాలు తాగుతూ కూచున్నారు. మా వీరన్న తాత గౌతమిలో దూకేడు. ఎదురీత ఈది, మొసలి తోక పట్టుకుని, దానిమీదే ఎక్కి కూచుని, ఒక్క వేపాకు తడవకుండా గరగని ఒడ్డుకి తెచ్చేడు. అందుకే మొదటి నీళ్ళు మనవి. అవునా కాదా?

…

రెండు మొసళ్ళని చెప్పేనా? చెప్పుంటాను. నా చిన్నప్పుడు ఒకటే. నువ్వు పుట్టేసరికి రెండయ్యేయి. ఏం, మొసళ్ళు పిల్లల్ని పెట్టవా?

…

నవ్వకు. నవ్వే సమయం కాదిది.

నువ్వు చేసిందేంటి? వీరన్నని వీరనాయకుడన్నావు, సరే. కిరీటం పెట్టేవు, అదీ సరే. తాటాకిల్లు కాస్తా తూర్పు కోటన్నావు, బావమరుదుల పాకని పడమటి కోటన్నావు, మనవాళ్ళేగా అని ఊరుకున్నాను. చివరికొచ్చేసరికి మా తాత గరగని వదిలేసి, దొంగలా పడవెక్కి పారిపోతాడా? పడమటి కోటోడు వచ్చి ఆ గరగని నెత్తినెట్టుకుంటాడా? ఊళ్ళో పిల్లకాయలు నన్ను చూసి పడవ తెడ్డేస్తున్నట్టు చేతులూపుతున్నారు!

…

పాత్రల అంతస్సంఘర్షణా? నీ అంతస్సంఘర్షణ అమలాపురం సంతలో అమ్మ! ఒక్కడి మనసైనా ఒక్కచోట నిలబడిందా అందులో? ఆ సేనాపతి ఎవరి వైపురా? ఒక వారం తూర్పు కోట, ఒక వారం పడమటి కోట. మీసం ఎటు దువ్వితే అటు పోతాడా? ఆ ముసలి రాణి మనవడికి విషం పెట్టింది. ఆ పై వారం వాడికే దిష్టి తీసి, వాణ్ణి పట్టుకుని బోరుమని ఏడిచింది. ఎందుకేడిచిందో మా వీధిలో ఒక్కడికీ తెలీలేదు.

…

ఏంటీ? ఆ వేషం కట్టినావిడకి రావలసిన డబ్బులు ఇవ్వలేదని మానేస్తానందా? అందుకని కథ మార్చేరా?… చూడు, నేను దాన్ని నాయనమ్మ ప్రేమనుకున్నాను!

…

సరే, వాళ్ళందర్నీ వదిలేస్తాను. ఆ వీరన్న పెళ్ళాం ఒకత్తిని పెట్టేవే. పడమటి కోట ఆడపడుచు. మొగుడింటికొచ్చింది, పిల్లల్ని కంది, గుమ్మానికి తోరణం కట్టింది, మొగుడు మాట్లాడితే పక్కన నిలబడి నవ్వింది. అలాంటి మనిషి ఉన్నట్టుండి దొడ్డితలుపు తీసి, గరగని తెచ్చి అన్నగారి చేతిలో ఎందుకెట్టింది? ఒక్క కారణం చెప్పు. మొగుడు కొట్టలేదు. తిట్టలేదు. అన్నం పెట్టలేదా అంటే, అదే వండుకుని అదే తింటోంది. మరెందుకురా?

…

ఏంటి, గొంతు తగ్గింది?

…

తర్వాత చెప్తానంటే కుదరదు. డప్పులు గుడి వీధి దాటేయి. వంతెన దగ్గరికి రావడం ఎంతసేపు! ఇదిగో, నువ్వొక పని చెయ్యి. నువ్వే ఇప్పుడు కేశవరావుగారి సెల్లుకి ఫోను కొట్టు. ‘బాబుగారూ, అదంతా నేను కల్పించిందండీ, మావయ్య చెప్పిందే అసలు కథండీ’ అను. రాసినవాడే చెప్పేక ఇంక తిరుగుండదు. గరగ ఎడమకి తిరుగుతుంది. అంతే. నీ పనసతొనల రుణం తీరిపోతుంది.

…

మొదట్లో అక్షరాలు వేసేరా, కల్పితమని? ఎవడు చదువుతాడ్రా అవి? ఆ వేళకి ఆడవాళ్ళు పాలు కాస్తుంటారు, మగవాళ్ళు చుట్ట వెలిగిస్తుంటారు. నోటితో చెప్పు. ఒక్క ముక్క.

…

చెప్పవా?

…

ఎందుకు చెప్పవు?… ఒట్టేసేవా? ఎవరికి? సూరిబాబుకా? నా బావమరిది నీకెక్కడ తగిలేడు? మూల కూచున్న పిల్లిలాంటోడు, వాడికంత కథ చెప్పే నోరెక్కడిది!

…

వాడు కాదా. వాడి పెళ్ళామా?… కాదా.

మరెవరు?

…

ఇంకోసారి చెప్పు.

…

మీ అత్తా?

…

ఏ అత్తరా? నీకు నలుగురున్నారు.

…

…

వీరవేణి.

…

చెప్పు.

…

నేను అరుగుమీద చెప్పి నిద్రపోయేకా… వంటింట్లో కొబ్బరి కోరుతూ… ఊఁ… ‘మీ మావయ్య చెప్పింది విన్నావుగా, ఇప్పుడు నేను చెప్పేది విను’ అందా?… అలాగే అందా? ఆ మాటే?

…

ఊఁ.

…

పడమటింట్లో ఆడవాళ్ళు తల్లి నుంచి కూతురికి చెప్పుకుంటారంటా?… మగవాళ్ళకి కూడా చెప్పరా?… వీరన్న పడవెక్కి పోయేడని, ఆయన పెళ్ళామే గరగని తీసి పుట్టింటివాళ్ళ చేతికిచ్చిందనీ… నీళ్ళు తీసేక ఆయన తిరిగొచ్చి, నేనే తెచ్చేనని చాటించుకున్నాడనీ… ఊఁ… అదెవరు చూసేరంట?

…

నిజమే. మొసలిని మాత్రం ఎవరు చూసేరులే.

…

మా అత్తగారా? ఆవిడేం చేసింది?… ప్రతి జాతరకీ బిందె పట్టుకుని పడమటి గుమ్మంలో నిలబడేదా… మనింటి దగ్గర మేళం, హారతులూ అయ్యి గరగ అక్కడికి వెళ్ళేసరికి, ఎండకి బిందెలో నీళ్ళు కాగిపోయేవా… ‘ఏంటమ్మా, గరగకి వేణ్ణీళ్ళు పెట్టేరు’ అని డప్పులోళ్ళు హాస్యమాడేవారా… పెళ్ళయ్యేక మీ అత్త ఇక్కడ చల్లటి నీళ్ళు పోస్తూ, ప్రతి ఏడూ అదే తల్చుకునేదా…

నాకెప్పుడూ అనలేదురా.

…

లేదు, నువ్వాగు. నీకు చెప్పినందుకు కాదు. ఎవరికైనా చెప్పుకోనీ. నేను మొసలి కథ ఎన్నిసార్లు చెప్పుంటాను? వచ్చిన చుట్టానికల్లా చెప్పేను. పెళ్ళిపీటలమీద చెప్పేను. నీ నామకరణంలో చెప్పేను. చెప్పినప్పుడల్లా మొసలి దగ్గరికొచ్చేసరికి మీ అత్త నవ్వేదిరా. సరిగ్గా అక్కడే. కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వి, నాకు తమలపాకు చుట్టి ఇచ్చేది. ఆ నవ్వు కోసమే రెండో మొసలిని తెచ్చేను తెలుసా?

ఆ నవ్వు ఎవర్ని చూసి నవ్విందంటావు?

…

నీకూ తెలీదు. కథలు రాసేవాడివి, నీకూ తెలీదు.

…

ఆగు. డప్పులు ఆగేయి.

…

వంతెన దిగేరు. ఇప్పుడు తిరగాలి. మాట్లాడకు, విననీ.

…

…

కుడికి.

…

భ్రమ కాదురా. ఈ ఊళ్ళో పుట్టి ఈ ఊళ్ళో ముసలైపోయేను, డప్పు ఎటు పోతోందో తెలీదా? కుడికే తిరిగేరు.

…

ఏమేవ్! వీరవేణీ! విన్నావా?… ఒసే!… పెరట్లో లేదు. తులసికోట దగ్గరా లేదు. బిందె కూడా లేదు… ఉండు, ఏలీయా సైకిలుమీద వెళ్తున్నాడు. ఓ ఏలీయా! మా ఇంట్లో దాన్ని చూసేవా ఎక్కడైనా?… ఎక్కడా?… ఎవరు పోసేరూ?… సరేలే. వెళ్ళు.

…

ఆ, ఉన్నాను.

పడమటిల్లు గుమ్మంలో ఉందంట. సూరిబాబు పెళ్ళాం పక్కకి తప్పుకుని, ఆడపడుచుని ముందు నిలబెట్టిందంట. మొదటి బిందె మీ అత్తే పోసిందంట. కేశవరావుగారు పక్కనే ఉన్నారంట. ఊరంతా చూసిందంట, నేను తప్ప.

…

పొద్దున్న లేచి కాఫీ ఇచ్చిందిరా నాకు. కొత్త పంచె తీసి మంచంమీద పెట్టింది. ‘తొందరగా కట్టుకోండి, గరగ వచ్చేస్తుంది’ అంది. అబద్ధం ఆడలేదు చూడు. వస్తుందనే అంది. ముందెక్కడికి వస్తుందో చెప్పలేదు.

…

నువ్వు క్షమించమంటే నాకేంట్రా ఉపయోగం? నువ్వు మేనల్లుడివి. కథ కోసం వచ్చేవు, రెండు కథలు దొరికేయి, బాగున్నది పుచ్చుకున్నావు. వ్యాపారం. ఇంట్లో మనిషి వేరు. ఎదురుగా కంచం పెట్టుకుని, ఒకే కూర తింటూ… ఒక్కసారి ‘ఆపండి, అది అలా జరగలేదు’ అంటే పోయేదేముంది?

…

ఏమనేవాణ్ణా? నవ్వేసేవాణ్ణి. మూడో మొసలిని తెచ్చేవాణ్ణి.

…

ఊఁ. అది నిజమే.

…

ఇదిగో, వచ్చింది.

…

ఒక్కతే. కాళ్ళనిండా పసుపు నీళ్ళు. బిందె ఖాళీ… నావైపు చూడ్డంలేదు. తలొంచుకుని బోరింగు దగ్గరికెళ్తోంది… బిందె కింద పెట్టింది… గరగ ఇటే వస్తుంది కదా ఇంక. రెండో ఇల్లు మనదే. వచ్చేసరికి నీళ్ళుండాలి మరి.

…

నేనా? నేనెందుకు వెళ్తాను? అక్కడ పోసినావిడకి ఇక్కడ పోయడం చేతకాదా?

…

ఆ, ఆవిడకి మోకాలు నొప్పే. బోరింగు రోజూ నేనే కొడతాను. అయితే?

…

వెళ్ళనురా. వెళ్ళనన్నానా.

…

ఆ కీచుమనేది ఫోను కాదు, బోరింగే. రెండు చేతుల్తో పట్టుకుని వేలాడుతోంది. నీళ్ళు రావడంలేదు… ముందో చెంబెడు నీళ్ళు పోస్తే కానీ ఎత్తుకోదది. ఆవిడకేం తెలుసు, ఎప్పుడైనా కొట్టిందా!

…

డప్పులు వంతెన దగ్గరికొచ్చేయి. ఇటే.

…

నిన్ను క్షమించలేదు, విన్నావా? దాన్నీ క్షమించలేదు. రేపు కూడా క్షమించను. అది వేరే. అమ్మవారు గుమ్మంలోకి వస్తే బిందె ఎండిపోయి ఉండడం వేరే.

…

చెంబు… చెంబెక్కడ పెట్టింది… ఉండవే, ఊరికే కొట్టకు, విరిగిపోతుంది! వస్తున్నాను!… ఒరేయ్ సత్యప్రసాదూ, ఫోను నువ్వే పెట్టేయ్.